మాస్టర్‌ప్లాన్‌పై అభ్యంతరాలు రాసేటప్పుడు ఆరోగ్య సూచికలను ఎలా వాడాలి?

ప్రశ్న: రామంతాపూర్ లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. మా ప్రాంతంలోని అయిదు కాలనీ సంక్షేమ సంఘాలు, వాటిని ఆనుకుని ఉన్న రెండు బస్తీల పెద్దలు కలిసి ఒక అభ్యంతరాల పత్రం తయారు చేస్తున్నాం. రామంతాపూర్ నుంచి ఉప్పల్ వైపు వెళ్లే దారిలో, మా కాలనీలకూ చెరువుకూ నడుమ ఉన్న నలభై అడుగుల రోడ్డును వంద అడుగులకు పెంచి, దానికి రెండు వైపులా ఉన్న నివాస స్థలాన్ని వాణిజ్య వినియోగానికి మార్చాలనే ప్రతిపాదన ఒకటి ఉన్నది. రోడ్డే వద్దని మేము అనడం లేదు. పొద్దున తొమ్మిదింటికి ఆ దారిలో స్కూటరు మీద ఇరుక్కునే వాళ్లలో మేమూ ఉన్నాం.

ఇంతకు ముందు ఇలాంటి పత్రాల్లో మేము రాసినవన్నీ ఒకే మూసలో ఉండేవి. ట్రాఫిక్ పెరుగుతుందని, చెరువు కుంచించుకుపోతుందని, చెట్లు పోతాయని రాసేవాళ్లం. జవాబూ ఒకే మూసలో వచ్చేది: మీ అభ్యంతరాన్ని పరిశీలించడమైనది అని. ఈసారి మా సంఘంలోని ఒక యువకుడు వేరే దారి చెప్పాడు. రోడ్డు వెడల్పు, వాహనాల సంఖ్య, వాణిజ్య స్థలం విస్తీర్ణం వంటి లెక్కలతో పాటు, ఈ ప్లాను అమలైతే ఇక్కడి మనుషుల ఆరోగ్యం ఎటు పోతుందో చూపే సూచికలను కూడా కొలబద్దగా పెట్టమని అడుగుదామన్నాడు. ఆలోచన అందరికీ నచ్చింది. తీరా రాయడానికి కూర్చుంటే నా చేయి ఆగిపోయింది.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి అంకెలంటే భయం లేదు. అయితే ఏ అంకెను నమ్మాలో తెలియడం లేదు. డెంగీ కేసులు రాయాలా, ఉబ్బసం రోగుల సంఖ్య రాయాలా, మరణాల రేటు రాయాలా? ఇవి వార్డు స్థాయిలో దొరుకుతాయా? దొరికినా, రేపు అవి పెరిగినా తగ్గినా అందుకు ఈ రోడ్డే కారణమని ఎలా చెప్పగలం?

ఒక చిన్న సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే నా అనుమానం అసలు అక్కడే మొదలయింది. మా వీధి చివర డివైడరులో ఒక సందు ఉండేది. కిందటేడు దాన్ని కాంక్రీటు దిమ్మలతో మూసేశారు. ఇప్పుడు దాటాలంటే ఎనిమిది వందల మీటర్ల అవతల ఉన్న యూటర్న్ దాకా నడవాలి. అప్పటి దాకా రోజూ సాయంత్రం అయిదింటికి చెరువు కట్ట మీదికి నడకకు వెళ్లిన మా అత్తగారు, ఆ రోజు నుంచి మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. నెల తిరగకముందే అదీ మానేశారు. ఆమెకు పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నది. ఇది ఆరోగ్య విషయమే అయితే, దీన్ని ఏ సూచిక కింద రాయాలి?

జవాబు: సామాజిక వైద్యం బోధించే ఒకరు

మాస్టారూ, మీ అత్తగారి నడక ఆరోగ్య విషయమే. దాన్ని ఎలా కొలవాలో చివరలో చెబుతాను. ముందుగా మీరు ఏ అంకెల జోలికి పోకూడదో చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పత్రాలు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి.

మొదట మరణాల సంగతి చూద్దాం. మీ కాలనీలూ బస్తీలూ కలిపి పది వేల మంది ఉన్నారనుకోండి. ఏడాదికి వెయ్యికి ఆరుగురు చొప్పున వేసుకుంటే అరవై మరణాలు. ఇలాంటి లెక్కల్లో అంకె సహజంగా దాని వర్గమూలమంత అటూ ఇటూ ఊగుతుంది, అరవైకి వర్గమూలం దాదాపు ఎనిమిదని మీకు చెప్పనక్కరలేదు. అంటే ఏ కారణమూ లేకుండానే ఈ అంకె ఒక ఏడు యాభై రెండు, మరొక ఏడు అరవై ఎనిమిది కావచ్చు. ప్లాను వల్ల మరణాలు పది శాతం మారినా, ఆ ఆరు మరణాల తేడా ఈ ఊగిసలాటలో మునిగిపోతుంది. పైగా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ సంభవిస్తే అక్కడే నమోదవుతుంది. ఆదిలాబాద్ నుంచి తెచ్చిన రోగి గాంధీ ఆసుపత్రిలో కన్నుమూస్తే ఆ మరణం ఇక్కడి లెక్కలోకే వస్తుంది. వార్డుల వారీగా పటం గీస్తే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులున్న వార్డులే నగరంలోకెల్లా ప్రాణాంతకమైన చోట్లుగా తేలతాయి. నివేదిక ఫారంలో మృతుల నివాస చిరునామాకు గడి ఉన్నది గనుక, దాన్ని పట్టుకుని మళ్లీ కూర్చితే గానీ ఆ పటానికి అర్థం ఉండదు.

డెంగీ కేసుల సంఖ్యకు మరో చిక్కు ఉన్నది. ప్రభుత్వ లెక్కలో నిర్ధారిత కేసు అంటే పెద్ద ప్రయోగశాలలో చేసే ఎలైసా అనే రక్త పరీక్షలో తేలినది మాత్రమే. గల్లీ చివరి ల్యాబులో అరగంటలో చేసే ర్యాపిడ్ పరీక్షలో తేలింది ఆ లెక్కలోకి రాదు. అందువల్ల పరీక్షా కేంద్రం దగ్గరైన చోట కేసులు పెరిగినట్టు, దూరమైన చోట తగ్గినట్టు కనిపిస్తాయి. దోమలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇక హారం. వెయ్యికి ఇంత అనాలంటే ఆ వెయ్యి ఎవరో తెలియాలి. మన చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. ఆ తరువాత మీ ఉప్పల్ వైపు ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీరే చూశారు. హద్దులు కూడా నిలకడగా లేవు. 2007లో పాత నగరపాలక సంస్థకు 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీని చేశారు. ఇటీవల శివారు మునిసిపాలిటీలను కలిపి వార్డులను మళ్లీ గీశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మంచిదే గానీ, 2019-21 నాటి విడతలో అది జిల్లాతో ఆగిపోయింది. మీ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది కాబట్టి, అందులో మీ బస్తీ రక్తహీనతా, ఘట్‌కేసర్ అవతలి పల్లెల రక్తహీనతా ఒకే సగటుగా కలిసిపోయి ఉంటాయి.

మరి ఏం చేయాలి? రోగం దాకా పోకుండా దానికి ఒక మెట్టు ముందు ఆగండి. రోడ్డుకూ రోగానికీ మధ్య ఉన్న గొలుసులో, కారణం గట్టిగా రుజువైన లంకెను ఒకటి పట్టుకుని దాన్నే కొలవండి. అప్పుడు పది వేల మందిలోనూ తేడా కనిపిస్తుంది, పదేళ్లు ఆగనక్కరలేదు.

రోడ్డు విషయంలో ఆ లంకె వాహనాల వేగం. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇప్పుడు మీ రోడ్డు మీద సగటు వేగం ఎంత, వెడల్పు చేశాక ఎంత ఉంటుందని ప్లానులో లెక్క వేశారు అని అడగండి. వేగం పెరుగుతుందనేది వాళ్లు లాభంగా రాసుకున్న అంకె. అదే అంకెను మీరు ముప్పుగా చదివి చూపిస్తారు. కొత్తగా ఏ అధ్యయనమూ అక్కరలేదు.

గాలి విషయంలో జాగ్రత్తగా ఉండండి. నిరంతరం నమోదు చేసే కాలుష్య కొలత కేంద్రాలు సనత్‌నగర్‌లో, జూపార్కు దగ్గర, పటాన్‌చెరు వైపు ఉన్నాయి గానీ, వాటి రీడింగు మీ వీధి గాలిని చెప్పదు. వాహనాల పొగ ప్రభావం రోడ్డు అంచు నుంచి మూడు నాలుగు వందల మీటర్ల లోపే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి పటం తీసుకుని, వెడల్పు చేయబోయే రోడ్డుకు మూడు వందల మీటర్ల లోపు ఎన్ని బడులు, ఎన్ని అంగన్‌వాడీలు ఉన్నాయో, వాటిలో ఎందరు పిల్లలు ఉన్నారో లెక్కపెట్టండి. గాలి ప్రమాణాల లోపే ఉన్నదని జవాబు వస్తే, ఏ ప్రమాణమని అడగండి. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళికి మన జాతీయ వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. 2021లో సవరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం 5. ఈ రెండు గీతల మధ్య చాలా మంది ఊపిరితిత్తులు ఉన్నాయి.

నీళ్ల సంగతి ఎవరూ రాయరు, కానీ రోడ్డు వెడల్పు పనుల్లో నాకు ఎక్కువ భయం దానితోనే. రోడ్డు తవ్వినప్పుడు మంచినీటి పైపూ మురుగు పైపూ పక్కపక్కనే మారతాయి. మన దగ్గర నల్లా రోజంతా రాదు. నీళ్లు ఆగిన వేళల్లో పైపులో ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు ఎక్కడ పగులు ఉంటే అక్కడి నుంచి బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది. మొదటి బకెట్టు మబ్బుగా, వాసనగా రావడానికి కారణం ఇదే. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందువల్ల వాంతులు, విరేచనాల కేసులను కాదు, పైపులైను చివరి ఇంటి నల్లాలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను సూచికగా పెట్టండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదని భారతీయ ప్రమాణం చెబుతున్నది. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె చాలు. గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగుల వరుసతో పోల్చి చూడటమే. రంగు రాకపోతే క్లోరిన్ లేదు.

దోమలకు కూడా ఇదే పద్ధతి. వంద ఇళ్లు తిరిగితే లార్వా ఉన్న తొట్లు, డ్రమ్ములు, పూలకుండీలు ఎన్ని దొరికాయో చెప్పేదే బ్రెటో సూచిక. వాణిజ్య భవనాలు వస్తే సెల్లార్లు తవ్వుతారు. తవ్విన గుంత పనులు ఆగి ఒక వానకాలం నిలబడితే ఆ వీధికి డెంగీ వస్తుంది. అనుమతి షరతుల్లో ఆ గుంతల సంగతి రాయించండి.

మీ అత్తగారి విషయానికి వస్తే, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఆ చోట రోడ్డు దాటి చెరువు వైపు వెళ్లే అరవై ఏళ్లు పైబడిన వాళ్లను ఒక వారం పాటు లెక్కపెట్టండి. రోడ్డు దాటేందుకు వీలున్న రెండు చోట్ల మధ్య దూరం కూడా రాయండి. ఎనిమిది వందల మీటర్లు అన్నారు కదా, అది చక్కటి సూచిక.

జవాబు: పదవీ విరమణ చేసిన ప్లానరు

డాక్టరు గారు చెప్పినదంతా సరైనదే. బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవాడిగా నాది ఒక్క షరతు. మీరు రాసే ప్రతి సూచికా ప్లానులోని ఒక నిబంధనకు తగలాలి. గాలి పాడవుతుందని రాస్తే మేము చేయగలిగింది ఏమీ ఉండదు. రోడ్డు దాటే చోట్ల మధ్య దూరం రెండు వందల మీటర్లకు మించకూడదని, రోడ్డు అంచు నుంచి ఇంత దూరం లోపు కొత్త బడికి అనుమతి ఇవ్వకూడదని, సెల్లారు గుంత ఇన్ని నెలలకు మించి తెరిచి ఉండకూడదని రాస్తే, ఏదో ఒక పేరాలో ఏదో ఒక మాట మార్చవలసి వస్తుంది. మార్చకపోతే ఎందుకు మార్చలేదో రాయవలసి వస్తుంది.

చట్టంలో ఆధారం ఎంత ఉన్నదో కూడా తెలుసుకోండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇరవై వేల చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి కావాలి. అది ఒక్కొక్క భవనానికి సంబంధించినది. మాస్టర్‌ప్లాన్‌కు గానీ, భూవినియోగ మార్పుకు గానీ విడిగా ఆరోగ్య ప్రభావ అంచనా వేయాలనే నిబంధన మన దగ్గర లేదు. 2013 జనవరిలో నోటిఫై అయిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మాస్టర్‌ప్లాన్, 2031 దాకా ఏ భూమి దేనికో చెప్పింది. అక్కడ బతికే మనిషి ఎలా ఉంటాడో చెప్పడం దాని పని అని ఎవరూ అనుకోలేదు.

విచిత్రం ఏమిటంటే మన ఊళ్లో ప్రణాళిక పుట్టిందే ఆరోగ్యం కోసం. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపిస్తే, ఆయన జలాశయాలతో పాటు భూగర్భ మురుగునీటి పథకాన్ని కూడా సూచించారు. 1911లో ప్లేగు వచ్చింది, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడమే దాని పని. ఆ తరువాత దవాఖానాలు ఒక శాఖకూ, రోడ్లు ఒక శాఖకూ పోయాయి, రెండు ఫైళ్లూ మళ్లీ ఒక బల్ల మీదికి రాలేదు.

ఇంకొక చోట జరిగినది చెబుతాను, మీకు పనికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2003లో ట్రినిటీ ప్లాజా అనే పాత అపార్ట్‌మెంట్ల సముదాయాన్ని పడగొట్టి ఖరీదైన ఇళ్లు కట్టాలని ప్రతిపాదించారు. అందులో అద్దె నియంత్రణ కింద ఉన్న ఇళ్లు 360. అక్కడి ప్రజారోగ్య శాఖకు ప్లానును ఆపే అధికారం లేదు. వాళ్లు పర్యావరణ సమీక్షకు ఒక లేఖ మాత్రం రాశారు. ఇళ్లు పోయినవాళ్లు ఇరుకు గదుల్లోకి, ఎక్కువ అద్దెల్లోకి పోతారని, తిండికీ మందులకూ మిగిలేది తగ్గుతుందని, కాబట్టి నిర్వాసితం కావడాన్ని ఆరోగ్య ప్రభావంగా లెక్కించాలని వాదించారు. చివరికి బిల్డరు ప్లానును మార్చి, ఆ 360 ఇళ్లను అద్దె నియంత్రణతోనే తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇలాంటి అనుభవాల మీదనే ఆ శాఖ 2007లో వందకు పైగా సూచికలతో ఒక కొలమానాన్ని తయారు చేసింది. మీకు వంద అక్కరలేదు. ఆరో ఏడో చాలు, కానీ ఒక్కొక్కదాని పక్కన ప్లానులో ఏ పేరా మారాలో రాసి ఉండాలి.

జవాబు: అనుమానం పక్షి

నేను ఒక్క మాటే అంటాను. సూచిక పెట్టిన మరుక్షణం నుంచి పనివాళ్లు ఊరిని వదిలేసి సూచికనే బాగుచేయడం మొదలుపెడతారు. తలకు ఇన్ని చదరపు మీటర్ల పార్కు ఉండాలంటే, గేటుకు తాళం వేసిన పార్కు కూడా లెక్కలోకి వస్తుంది. లార్వా లెక్క అంటే, సర్వేకు ముందు రోజు వీధి వీధికీ ఫాగింగ్ బండి వస్తుంది. ఫాగింగ్ వల్ల లార్వా చావదన్నది వేరే సంగతి. బాహ్య వలయ రహదారి పక్కన 2023 అక్టోబరులో పైన సోలారు పలకలతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచి దానికి హెల్త్‌వే అని పేరు పెట్టారు. నేనూ ఒక ఆదివారం వెళ్లి తొక్కాను, బాగుంది. కానీ నాతో పాటు తొక్కిన చాలా మంది సైకిళ్లను కార్ల మీద కట్టుకుని తెచ్చారు. పొద్దున్నే పనికి సైకిల్ మీద పోయే కూలీ మీ ఉప్పల్ రోడ్డు మీదనే లారీల మధ్య ఉన్నాడు. కిలోమీటర్లు లెక్కపెడితే నగరం ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

జవాబు: బస్తీల్లో పనిచేసే ఏఎన్‌ఎం

మాస్టారు గారికి నమస్కారం. నేను చదువుకున్నది తక్కువ గానీ, పద్దెనిమిదేళ్లుగా రిజిస్టర్లు రాస్తున్నాను కాబట్టి మీరంతా అడుగుతున్న అంకెలు ఎలా పుడతాయో చెప్పగలను.

జ్వరాల సర్వేకు మా ఆశా కార్యకర్తలు పదింటికి బయలుదేరతారు. ఆ వేళకు బస్తీలో సగం తలుపులకు తాళాలు ఉంటాయి, ఎందుకంటే ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి, మగవాళ్లు అడ్డా మీదికి వెళ్లిపోతారు. దొరికేది ముసలివాళ్లు, బడికి పోని పిల్లలు. అపార్ట్‌మెంట్లలో అయితే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసి, ఇక్కడ ఎవరికీ జ్వరాలు లేవని ఆయనే చెబుతాడు. ఆ రెండు రకాల సున్నాలూ కాగితం మీద ఒకేలా ఉంటాయి.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి వేరు. కొన్నేళ్ల కిందట నా పరిధిలో నాలా పక్కన ఉన్న ఒక బస్తీని తీసేశారు. సుమారు నూట ఇరవై కుటుంబాలు. కొందరికి నగరం చివర రెండు గదుల ఇళ్లు వచ్చాయి, కొందరు అద్దెకు ఎటో వెళ్లారు, కొందరు ఊళ్లకు పోయారు. ఇల్లు ఖాళీ అయితే మేము రిజిస్టరులో ఆ వరుస మీద ఎర్ర గీత కొట్టి, వలస అని రాస్తాం. ఆ బస్తీలో టీకాలకు వెనకబడిన పిల్లలు ఎక్కువ. ఆరు వారాల సూది పడి, పది వారాలది పడనివాళ్లు, తల్లి పనికి పోతే తీసుకొచ్చే దిక్కు లేనివాళ్లు ఉండేవారు. వాళ్లందరి మీదా గీత పడింది. మూడు నెలలు గడిచేసరికి నా పరిధిలో టీకాల శాతం అమాంతం పెరిగింది. నెల సమావేశంలో మా సెంటరును మెచ్చుకున్నారు, చప్పట్లు కూడా కొట్టారు. నేను ఒక్క సూది కూడా ఎక్కువ వేయలేదు.

వెళ్లిపోయిన వాళ్లలో ఒకామె ఆ తరువాత ఏడాదికి కూకట్‌పల్లి దగ్గర కనిపించింది. రెండో కాన్పు అయింది. తల్లీబిడ్డల కార్డు సామాను సర్దుకునేటప్పుడు పోయిందట. కొత్త చోట ఏ సెంటరుకు పోవాలో తెలియక మూడు నెలల దాకా బిడ్డకు ఏ టీకా వేయించలేదు. ఆ బిడ్డ ఇటు నా రిజిస్టరులో లేదు, అటు వాళ్ల రిజిస్టరులోకి ఇంకా ఎక్కలేదు. మీ రోడ్డు వల్ల బస్తీలో కొన్ని ఇళ్లు పోతాయి కదా. అవి పోయాక మీ ప్రాంతం సూచికలన్నీ బాగుపడతాయి, మీరు చూస్తూ ఉండండి.

జవాబు: సామాజిక వైద్యం బోధించే ఒకరు

అమ్మా, నేను పేజీలు నింపినా రాయలేకపోయిన సంగతిని మీరు ఒక ఎర్ర గీతతో చెప్పారు. నా మొదటి జవాబులో లోపం ఉన్నది, ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిన సూచికలన్నీ స్థలానికి కట్టినవి. స్థలం అక్కడే ఉంటుంది, మనుషులు మారిపోతారు. బీదవాళ్లు వెళ్లి కలిగినవాళ్లు వస్తే, ఎవరి ఆరోగ్యమూ బాగుపడకుండానే ఆ స్థలం ఆరోగ్యం బాగుపడినట్టు కనిపిస్తుంది. ప్లానును మనం పొరపాటున మెచ్చుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

దీనికి విరుగుడు, ఈరోజు అక్కడ ఉన్నవాళ్ల జాబితా రాసి పెట్టుకుని, వాళ్లు ఎక్కడికి వెళ్లినా వాళ్లనే కొలవడం. అది కుదిరే పనేనా అని అడగవచ్చు. మన నగరం పక్కనే కుదిరింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో గర్భిణులకు, పిల్లలకు పోషకాహారం ఇచ్చి చూసిన ఒక ప్రయోగం జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలను తరువాతి దశాబ్దాల్లో మళ్లీ వెతికి పట్టుకుని, నగరం వాళ్ల పల్లెల మీదికి పాకుతున్న కొద్దీ వాళ్ల బరువు, రక్తపోటు, రక్తనాళాలు ఎలా మారాయో పరిశోధకులు చూస్తూ వచ్చారు. రాత్రిపూట ఉపగ్రహానికి కనిపించే దీపాల వెలుగును బట్టి ఏ పల్లె ఎంత పట్టణమయిందో కూడా లెక్కగట్టారు. అది పెద్ద సంస్థలు చేసే పని, నిజమే. మీ ప్రాంతంలో కదిలే ఇళ్లు వందో నూట యాభయ్యో అయితే, ఒక నోటుపుస్తకమూ ఫోన్ నంబర్లూ చాలు.

వాళ్ల విషయంలో మూడు సంగతులు రాసుకోండి: పనికి వెళ్లడానికి పట్టే సమయం, దగ్గరి దవాఖానాకు దూరం, నెల ఆదాయంలో అద్దెకూ ప్రయాణానికీ పోయే భాగం. మూడూ ఇప్పుడు ఒకసారి, మారిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి మరొకసారి రాయండి. కొల్లూరులో 2023లో ప్రారంభించిన 15,660 ఇళ్ల సముదాయం వంటి చోట గోడలు, మరుగుదొడ్డి, నీళ్లు పాత బస్తీ కంటే నిస్సందేహంగా మెరుగు. ఆ మేలును కూడా నిజాయితీగా రాయండి. కానీ రామంతాపూర్‌లో నాలుగు ఇళ్లలో పాచిపని చేసే మనిషికి అక్కడి నుంచి రెండు బస్సులు మారి రావడం కుదరదు. పని పోతే మొదట తగ్గేది పాలు, పప్పు.

ప్లానరు గారి షరతు ప్రకారం ఇది ఏ నిబంధనకు తగులుతుందంటే, ఖాళీ చేయించే కుటుంబాలకు ఎంత దూరం లోపు ఇల్లు ఇవ్వాలనే నిబంధనకు తగులుతుంది.

జవాబు: పదవీ విరమణ చేసిన ప్లానరు

తగులుతుంది. దాన్ని కిలోమీటర్లలో రాయకండి, ప్రయాణ సమయంలో రాయండి. కిలోమీటర్లు రాస్తే పటం మీద స్కేలు పెట్టి గీత గీసి సరిపోయిందంటారు, ఆ గీత చెరువు మీదుగా పోయినా సరే.

జవాబు: రామంతాపూర్ లెక్కల మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను మొదట రాసుకున్న చిత్తుప్రతిలో డెంగీ, ఉబ్బసం, మరణాలు అని మూడు పెద్ద శీర్షికలు ఉండేవి, మూడూ కొట్టేశాను. నిన్న సాయంత్రం మా యువకుడూ నేనూ డివైడరు దగ్గర అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాం. గంటలో అరవై దాటినట్టు కనిపించిన వాళ్లు పదకొండు మంది ఆ దిమ్మల దాకా వచ్చారు. ఏడుగురు వెనక్కి తిరిగారు. నలుగురు దిమ్మల మీదుగా ఎక్కి దాటారు. వాళ్లలో ఒకాయన చేతికర్రను ముందు అవతలికి విసిరి, తరువాత తాను దిగాడు. ఒక్కరు కూడా యూటర్న్ వైపు నడవలేదు. ఇంకా ఆరు రోజులు లెక్కపెడతాం.

ఏఎన్‌ఎం గారూ, బస్తీలో నూట ముప్పై ఎనిమిది ఇళ్లకు గుర్తులు వేసి ఉన్నాయని పెద్దలు చెప్పారు. ఆ కుటుంబాల జాబితాను అభ్యంతరాల పత్రానికి అనుబంధంగా పెట్టాలని అనుకున్నాం గానీ, పేర్లూ రోగాలూ కలిపి ఆఫీసు చేతికి ఇవ్వడం మంచిది కాదని మా ఇంట్లోవాళ్లు అన్నారు. పేర్లు మా దగ్గరే ఉంచుకుని, పత్రంలో ఇంటి వరుస సంఖ్య, ప్రయాణ సమయం, అద్దె మాత్రం రాస్తాం. అనుమానం పక్షి గారి భయం కూడా న్యాయమైనదే. అందుకే కొలిచే పని ఆఫీసుకు ఒదలకుండా, ఏ రోజు కొలుస్తామో ముందుగా చెప్పకుండా మేమే కొలుస్తామని రాస్తున్నాం.

ఒక్క సాయం కావాలి. క్లోరోస్కోప్ పెట్టె మీలో ఎవరి దగ్గరైనా ఉన్నదా? మా వైపు నల్లా ఆదివారం పొద్దున ఆరింటికి వదులుతారు, చివరి ఇల్లు నాలా గోడను ఆనుకుని ఉన్నది.

జవాబు: బస్తీల్లో పనిచేసే ఏఎన్‌ఎం

మా సెంటరులో ఒకటి ఉన్నది గానీ మందు సీసా గడువు ఎప్పుడో దాటిపోయింది, దానితో చూస్తే రంగు సరిగా రాదు. కొత్త సీసా మందుల దుకాణంలో కాదు, ప్రయోగశాల సామాను అమ్మే కోఠీ దుకాణాల్లో అడగండి. సీసా మీరు తెస్తే పెట్టె నేను తెస్తాను. ఆరింటికి కాదు, అయిదూ ముప్పావుకే అక్కడ ఉందాం. మొదటి బకెట్టు పట్టాలి కదా.